పన్నెండు అంగల దూరం

జూన్ 3

చిట్టి వాళ్ళమ్మకు,

చేరాను. లారీలో సిమెంటు బస్తాల మీద కూర్చుని వచ్చేసరికి నడుం నాదో లారీదో తెలియకుండా పోయింది. అది తప్ప కులాసాయే. ఇక్కడ ఫోను పలకదు. వరదకి టవరు పడిపోయిందట, ఎప్పుడు లేపుతారో ఎవరికీ తెలీదు. పదిరోజులకోసారి సరుకుల లారీ వస్తుంది. ఆ లారీ పెద్దాయనే ఇకమీదట మన పోస్టుమాన్. మన వీధి చివర టీకొట్టు దగ్గర ఆగుతాడు, ఉత్తరం ఆయన చేతికివ్వు. ఆయనకి చదువు రాదు కాబట్టి ఏమైనా రాయొచ్చు. నవ్వకు.

పని సంగతి చెబుతా. ఏరు ఇళ్ళని ఎత్తుకుపోయిన నాలుగొందల కుటుంబాలకి కొండవాలు మీద రేకుల ఇళ్ళు కడుతున్నారు. ఇళ్ళ పని వేరేవాళ్ళది. నా వంతుకి వచ్చినవి మరుగుదొడ్లు. ముప్పై ఏళ్ళు బావులు తవ్విన చేతికి చివరికి దొరికిన గౌరవం చూశావా! మా పైన ఒక ఇంజనీరమ్మ ఉంది. నా చిన్న మరదలి వయసు. భుజాన ఎప్పుడూ ఒక తాడు. నలభై అంగల పొడవు, కొసకి ఎర్రగుడ్డ. బావి దగ్గర ఒక కొస పట్టుకోమని, తను రెండో కొస పట్టుకుని నడుస్తుంది. ఎర్రగుడ్డ దాటితే గానీ గుంట తవ్వనివ్వదు. నిన్న నేను పాతిక అంగల్లో ముగ్గు పోస్తే, చెప్పుకాలితో చెరిపేసింది. "అమ్మా, అంత దూరం పెడితే ముసలివాళ్ళు దారిలోనే కానిచ్చేస్తారు" అన్నాను. కూలీలందరూ పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

మన ఇంట్లో చూడు. బావికీ మరుగుదొడ్డికీ పన్నెండంటే పన్నెండు అంగలు. నీ మోకాలికి నడక తప్పాలని, బిందె మోసుకుంటూ పెరడంతా తిరగక్కర్లేదని కట్టాను. చదువుకున్నవాళ్ళకి తాళ్ళు తెలుసు గానీ మోకాళ్ళు తెలియవు.

ఇక్కడి నీళ్ళు మందు వాసన. గ్లాసు ఎత్తినప్పుడల్లా మన బావి నీళ్ళు గుర్తొస్తాయి. ఆ వెనక నువ్వు గుర్తొస్తావు. ముందు నువ్వు గుర్తొచ్చి తరవాత నీళ్ళు గుర్తొస్తే బాగుండేది, కానీ అబద్ధం ఎందుకు రాయడం.

చిట్టికి ముద్దులు. సాయంత్రం బావి గట్టు మీద నా చోటు ఎవరికీ ఇవ్వకు.

సిమెంటు చేతులతో,
మీ మేస్త్రీ


జూన్ 14

చిట్టి నాన్నకు,

మీ ఉత్తరం అందింది. లారీ పెద్దాయన దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి, "అమ్మా, మేస్త్రీగారి సామాను" అని చేతిలో పెట్టాడు. నీళ్ళ తరవాత నేను గుర్తొచ్చినందుకు సంతోషం. మరుగుదొడ్ల తరవాత గుర్తురాలేదు, అదే పదివేలు.

మీ చోటు ఎవరికీ ఇవ్వలేదు. కిరాణా బావగారు నీళ్ళకొచ్చినప్పుడు రెండుసార్లు కూర్చోబోయారు. "అక్కడ తడి, బావగారూ" అని లేపేశాను. తడీ లేదు, పాడూ లేదు. వీధి వీధంతా మన బావికే వస్తున్నారు. రోడ్డు మీద కొళాయి ఉన్నా అటు ఎవరూ చూడరు. "మేస్త్రీగారి బావి పంచదార" అంటారు. అన్నప్పుడల్లా మీరు పక్కనుంటే మీసం ఎలా తిప్పేవారో అనుకుని నవ్వుకుంటాను. పొద్దున్న గిలక చప్పుడుకి లేచినప్పుడు మాత్రం నవ్వు రాదు. తోడుతున్నది మీరేనని ఒక్క క్షణం అనిపిస్తుంది. ఎవరో పక్కింటివాళ్ళు అయ్యుంటారు.

చిట్టికి మళ్ళీ కడుపు చెడింది. నాలుగు రోజుల్నుంచి విరేచనాలు. ఈ ఏడు ఇది మూడోసారి. ఆసుపత్రి నర్సమ్మ ఉప్పూ పంచదారా కలిపిన పొట్లాలు ఇచ్చి, నీళ్ళలో కలిపి గుక్క గుక్కా పట్టమంది. పిల్ల ముక్కు మూసుకుని తాగుతోంది. ఇప్పుడు లేచి కూర్చుంది, "నాన్న ఎన్ని దొడ్లు కట్టాడు?" అని అడుగుతోంది. స్కూల్లో లెక్క చెప్పాలట.

ఒక మాట రాయాలి. రాయకపోతే ఇవాళ నాకు అన్నం దిగదు. రేపటికి బుల్లి పోయి రెండేళ్ళు. ఇలాగే మొదలైంది దానికీ. పదినెలల పిల్లకి పాలు మాన్పించి, గ్లాసుతో నీళ్ళు అలవాటు చేసి, కుట్టుమిషను పనికి పరుగెత్తాను. ఇంకో రెండు నెలలు ఆగుంటే ఏం పోయేది? మీరు ఒక్కమాట అనలేదు నన్ను. ఆ అనకపోవడమే నాకు రోజూ వినిపిస్తూ ఉంటుంది. చిట్టి నీరసంగా పడుకుంటే అరగంటకోసారి లేపి చూస్తున్నాను.

త్వరగా రండి అనను. అక్కడా పిల్లలున్నారు. కానీ త్వరగా రండి.

మీ గట్టుకి కాపలా కాస్తూ,
నేను


జూన్ 25

చిట్టి వాళ్ళమ్మకు,

నీ ఉత్తరం చదివాను. ఇవి తప్పకుండా చెయ్యి. నీళ్ళు తెర్లేదాకా కాచి, చల్లార్చి తాగండి. కాచిన నీళ్ళకి మూత పెట్టు. బిందెలో చెయ్యి ముంచకండి, పొడుగు కాడ గరిటె పెట్టుకో. దొడ్డికి వెళ్ళొచ్చాక, వంటకి ముందు, పిల్లకి పెట్టేముందు సబ్బుతో చేతులు కడుక్కో. చిట్టి గోళ్ళు తియ్యి. అన్నం మీద ఈగ వాలనివ్వకు. చిట్టిని బావి దగ్గరికి పంపకు, తాడు పాతది.

వీలైతే కొళాయి నీళ్ళు తెచ్చుకో.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.


జూలై 5

మేస్త్రీగారికి,

మీ ఉత్తరం అందింది. ఉత్తరమా అది? ఆసుపత్రి గోడ మీద అంటించే కాగితం. లారీ పెద్దాయన "ఏమంటున్నారమ్మా మేస్త్రీగారు?" అని అడిగితే "గోళ్ళు తీసుకోమన్నారు" అని చెప్పాను. పాపం, ఆయన తన గోళ్ళు చూసుకున్నాడు.

పన్నెండేళ్ళ కాపురంలో నా చేతి వంట తిని ఒక్క పూట కడుపు నొప్పనలేదు మీరు. వీధిలో ఎవరింటికెళ్ళినా "మా ఆవిడ గడప తుడిస్తే అద్దం అక్కర్లేదు" అని చెప్పుకున్నది మీరే. ఇప్పుడు ఆ కొండమీద నలుగురి మధ్య కూర్చునేసరికి నా చేతులు మురికిగా కనబడ్డాయా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా! అక్కడి ఇంజనీరమ్మ చేతులు సబ్బు వాసన వేస్తాయి కాబోలు.

తాడు పాతదా? మీరు బయలుదేరే ముందు రోజు కొత్త తాడు ముడేసింది ఎవరండీ? అబద్ధం రాయడం మీకు చేతకాదు. పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి నన్నే అంటున్నారని తెలుస్తూనే ఉంది. బుల్లి సంగతి రాశాను కదా, దానికి జవాబు ఇదా? రెండేళ్ళు నోరు కట్టుకుని, ఇప్పుడు దూరం వెళ్ళాక ధైర్యం వచ్చిందా? నేను శుభ్రంగా లేకే పిల్ల పోయిందని తిన్నగా రాసెయ్యాల్సింది. సబ్బూ గరిటే అంటూ చుట్టూ తిప్పడం ఎందుకు?

నీళ్ళు కాయడం లేదు. రోజుకి నాలుగు బిందెలు కాస్తే గ్యాసు బండ వారం రాదు. "మేస్త్రీగారి పెళ్ళాం మేస్త్రీగారి నీళ్ళే కాచి తాగుతోంది" అని వీధి నవ్వుతుంది. కొళాయి దగ్గరికి అరమైలు ఈ మోకాలితో వెళ్ళలేను.

చిట్టికి తగ్గి మళ్ళీ వచ్చింది. మన వీధి కుట్టు వదిన చిన్నపిల్లక్కూడా మొదలైంది. దాన్ని ఆసుపత్రిలో పడుకోబెట్టి సెలైను పెట్టారు. వదిన కూడా శుభ్రం లేనిదేనా?

ఇక నేను రాయను. మీరు పని చూసుకోండి.


జూలై 8

నా చిట్టి తల్లికి, నా బుల్లి తల్లికి, మీ అమ్మకి,

నీ ఉత్తరం లారీ దిగగానే చదివాను. రేపు పొద్దున లారీ తిరిగి వెళ్ళిపోతుంది, అందుకని తాపీ అవతల పారేసి రాస్తున్నాను. పూర్తిగా చదువు. మధ్యలో చింపకు. చదివాక చింపెయ్యి, కాల్చెయ్యి, నీ ఇష్టం.

అంత దూరం ఎందుకని నేను నవ్వించాను కదా, దాంతో కూలీలందరికీ అదే పాట అయింది. తాడు కనబడితే చాలు, నవ్వు. ఇంజనీరమ్మ వాదన పెట్టుకోలేదు. వాడుకలో లేని పాత బావి ఒకటుంది ఇక్కడ. దానికి అయిదంగల దూరంలో నాచేతే ఒక గుంట తవ్వించింది. మనం కట్టినట్టే, చుట్టూ సిమెంటు వరలు, అడుగున వట్టి మట్టి. అందులో రెండు బస్తాల ఉప్పు పోయించి నీళ్ళు పెట్టించింది. నాలుగో రోజు బావిలో నీళ్ళు తోడి, అందరి ముందూ కాచి, చల్లార్చి, మొదటి గ్లాసు నా చేతికిచ్చింది.

ఉప్పు. నోట్లో పెట్టలేనంత ఉప్పు.

"మేస్త్రీగారూ, ఉప్పు కాబట్టి మీ నాలిక్కి తెలిసింది. గుంటలో ఉండే మిగతావి తెలియవు. నీళ్ళు తియ్యగానే ఉంటాయి" అంది.

ఆ ముందురోజే నీ ఉత్తరం వచ్చింది, చిట్టికి మూడోసారి అని. గ్లాసు పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకుని నా మొహాన నీళ్ళు కొట్టారు.

మన దొడ్డి గుంట అడుగున నేను సిమెంటు వెయ్యలేదు. నీళ్ళు ఇంకాలి కదా అని. ఇంకి ఎక్కడికి పోతాయని అనుకున్నానో ఇప్పుడు ఎంత తన్నుకున్నా గుర్తురావడం లేదు. అసలు అనుకోలేదు. గుంట మెరకలో ఉంది, బావి పల్లంలో ఉంది, మధ్యనంతా ఇసుక. నీరు పల్లమెరుగు అని రోజుకి పదిసార్లు నోటితో అనే మనిషిని నేను. బావి తవ్వడం తెలుసు, దొడ్డి కట్టడం తెలుసు. రెండూ విడివిడిగా తెలుసు.

దొడ్డి కట్టింది ఆ ఏడు ఫిబ్రవరిలో. బుల్లి పోయింది జూన్‌లో. మధ్యలోది నేను రాయలేను. నువ్వే చూసుకో.

నువ్వు పాలు మాన్పించడం వల్ల కాదే. ఆ గ్లాసు నువ్వు కడిగే పట్టావు. ఎంత కడిగినా ఆ బావి నీళ్ళతోనే కదా కడిగావు. నీ చేతుల్లో మురికి లేదు. మురికంతా నా పన్నెండు అంగల్లో ఉంది. ఈ మాట రాయడానికి భయపడి, సబ్బూ గరిటే అని రాశాను. అవి అబద్ధం కాదు, అవీ చెయ్యాల్సినవే. కానీ నా తప్పు దాచుకోవడానికి నీ చేతులు అడ్డం పెట్టుకున్నాను. అంతకంటే నీచమైన పని నా జన్మలో చెయ్యలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. ఆ నీళ్ళు తాగకండి. దొడ్డికి తాళం వెయ్యి. వీధికి చెప్పు. నేనొచ్చి చెబుతాను, అందాకా ఆగు అని రాయబోయి కొట్టేశాను, పైన మరక చూడు. నేనొచ్చేదాకా ఎంతమంది పిల్లలు ఆ నీళ్ళు తాగుతారు? నా పేరు పోతే పోనీ.

నేను రావడానికి లేదు. ఇంకా అరవై గుంటలున్నాయి, వానలు మొదలయ్యాయి. ఇక్కడ నేను ఒక్కరోజు ఆలస్యం చేస్తే ఒక కుటుంబం ఆ రోజు దొడ్డికి ఏటి ఒడ్డుకి పోతుంది. ఆ ఏరే కింద ఊళ్ళు తాగుతాయి. ఇప్పుడు తాడు నేనే పట్టుకుంటున్నాను. ఎర్రగుడ్డకి అవతల ఇంకో రెండంగలు కలుపుతున్నాను. ఇంజనీరమ్మ "చాలు మేస్త్రీగారూ" అంటుంది. నాకు చాలదు.

చిట్టి ఎలా ఉంది? ఒక్కముక్క రాయి. తిడుతూ రాసినా సరే.

మీ


జూలై 29

చిట్టి వాళ్ళమ్మకు,

లారీ రెండుసార్లు వచ్చి వెళ్ళింది. పెద్దాయన నన్ను చూడగానే చేతులు తిప్పి చూపించాడు, ఏమీ లేదని. రెండోసారి నా దగ్గరికి రాకుండా వంటశాల వెనకనుంచి వెళ్ళిపోయాడు. నాకు మొహం చూపించలేక.

ఇరవై రెండు గుంటలు మిగిలాయి.

చిట్టి లేచి తిరుగుతోందా? ఆ ఒక్కటీ చెప్పు. మిగతాదంతా నా మీద అలిగే ఉండు, నాకు అభ్యంతరం లేదు. మీ ఇద్దర్నీ తలుచుకుంటే తాపీ పట్టిన చెయ్యి ఆగిపోతోంది.


ఆగస్టు 4

చిట్టి నాన్నకు,

ముందుగా చిట్టి. బాగుంది. మూడువారాలుగా కడుపులో ఏ గొడవా లేదు. బుగ్గలు మళ్ళీ వచ్చాయి. మీ రెండు లారీల పాపం నాకు తగిలింది, నిజమే. కానీ చేతిలో రుజువు లేకుండా రాయకూడదని పంతం పట్టాను. ఆ కథ చెబుతాను, మధ్యలో చింపకండి.

మీ ఉత్తరం చదివి నమ్మలేదు. నమ్మితే ఎలా? నమ్మితే బుల్లి మళ్ళీ పోయినట్టు ఉంది. అయినా పిల్లని పణం పెట్టలేక ఆ రోజు నుంచే కొళాయి నీళ్ళు పట్టాను, అవీ కాచే పట్టాను. చిట్టి చిన్న బిందె, నేను పెద్ద బిందె. వీధికి చెబితే వినలేదు. కిరాణా బావగారైతే "మేస్త్రీకి కొండగాలి తగిలి మతి పోయింది, ఆయన బావిని ఆయనే తిట్టుకుంటున్నాడు" అని కొట్టు దగ్గర అందర్నీ నవ్వించారు. మీరు తాడు మీద నవ్వించారు చూడండి, అలాగే. నాకు ఒళ్ళు మండింది. "సరే, మా ఆయన అబద్ధమో మీ నవ్వు అబద్ధమో తేల్చేద్దాం, రెండు బస్తాల రాళ్ళుప్పు పంపండి" అన్నాను. నిజం చెప్పొద్దూ, మీరే తప్పని తేలాలని నా మనసు. మీరు అనవసరంగా ఏడ్చారని, మన బావి బంగారమని రాయాలని నా ఆశ.

ఉప్పంతా గుంటలో పోయించి, నీళ్ళు పెట్టించి దొడ్డికి తాళం వేశాను. ఇక వరసగా ప్రతి సాయంత్రం ఒక చేద నీళ్ళు తోడి, అందరి ముందూ కాచి, రుచి చూశాం. మొదటిరోజు వీధంతా వచ్చింది. అయిదోరోజుకి కుట్టు వదినా నేనూ మిగిలాం. ఏడోరోజూ ఏమీ లేదు. ఆ రోజు మీ చోట కూర్చుని, మిమ్మల్ని నవ్వుతూ తిట్టుకున్నాను.

తొమ్మిదోరోజు మొదటి గుక్క నేనే నోట్లో పోసుకున్నాను.

కక్కలేదు, మింగలేదు, ఆ ఉప్పు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. వదిన నా మొహం చూసి గ్లాసు లాక్కుని తను తాగింది. తాగి, తన ఇంట్లోకి వెళ్ళి ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్లని ఎత్తుకుని గట్టిగా పట్టుకుంది. తరవాత కబురు పంపితే కిరాణా బావగారు వచ్చి తాగారు. ఆయన తలెత్తలేదు. గిలక ఆయనే విప్పి నా చేతికిచ్చారు. బావి మీద రేకు కప్పి రాళ్ళు పెట్టాం. ఇప్పుడు పొద్దున్న చప్పుడు లేదు. మీరే తోడుతున్నారనుకునే ఆ ఒక్క క్షణమూ లేదు. దానికీ ఏడ్చాను.

ఆ రోజు వంటగదిలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. రెండేళ్ళలో బుల్లి కోసం ఎన్నిసార్లు ఏడ్చానో, ప్రతిసారీ నన్ను తిట్టుకుంటూ ఏడ్చాను. మొన్న మొదటిసారి ఒక్క బుల్లి కోసమే ఏడ్చాను. దాని నాలుగు పళ్ళు, అది గిలకని చూసి చప్పట్లు కొట్టడం, అవన్నీ గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ అవి కూడా గుర్తురాలేదు నాకు. మీరు ఆ ఉత్తరం రాయకపోతే చచ్చేదాకా గుర్తొచ్చేవి కావు.

మీ తప్పు లేదని రాయను. ఉంది. సబ్బు ఉత్తరానికి ఇంకా కోపం పోలేదు, మీరొచ్చాక దానికి విడిగా తిట్లున్నాయి. కానీ మన దొడ్డికి ముగ్గు పోసే రోజు మీరు మొదట పెరడు చివర పోశారు. అది మీరు రాయలేదు, మరిచిపోయారో దాచారో. "అంత దూరం నేను నడవలేనండీ, కాస్త ఇవతలకి జరపండి" అన్నది నేను. మీరు చెరిపి దగ్గరగా పోశారు. చెరిపింది మీ కాలు, చెరిపించింది నా నోరు. సగం నాకివ్వండి. ఒక్కరే మొయ్యకండి.

ఇక పని సంగతి. మన పెరట్లో ఏ మూల నుంచి కొలిచినా ముప్పై అంగలు దాటడం లేదు. నిన్న వీధివాళ్ళంతా కూర్చున్నారు. కుట్టు వదిన తన పెరటి వెనక జాగా ఇస్తానంది, అందరికీ కలిపి అక్కడ మరుగుదొడ్లు కట్టుకుందామని. చేతులు కడుక్కునే తొట్టి కూడా పెట్టాలట, సబ్బుతో సహా. ఆ మాట నేనే అన్నాను, నవ్వకండి. మేస్త్రీ ఎవరని ఎవరూ అడగలేదు. ఆ ఉత్తరం రాసిన మనిషి కొలిస్తేనే నమ్ముతామన్నారు కిరాణా బావగారు.

మీ గుంటలన్నీ పూర్తి చేసే రండి. ఒక్కటి కూడా వదిలి రావద్దు. కానీ చివరిది కాగానే చెయ్యి కడుక్కుని లారీ ఎక్కెయ్యండి, ఒక్కరోజు ఆగారంటే ఊరుకోను. ఇంజనీరమ్మని అడిగి ఆ తాడు పట్టుకురండి.

ఇవాళ చిట్టీ నేనూ మన బావి నుంచి వదిన జాగా దాకా అంగలు లెక్కపెట్టాం. నలభై ఆరు వచ్చాయి. తిరిగొచ్చేసరికి మోకాలు పట్టేసింది.

ఎర్రగుడ్డ దాటాకే కట్టండి. నేను నడుస్తాను.

మీ
నేను